ఇండోర్ గో-కార్టింగ్: 31.6 సెకన్ల దగ్గర ఇరుక్కుపోయాను, ఎవరైనా దారి చెప్పండి

తెనాలి_టు_ఎడిసన్

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. వయసు 39, బరువు 92 కిలోలు, ఉండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో, పని డేటాబేస్ అడ్మిన్. నవంబర్‌లో ఆఫీసువాళ్ళు టీం ఔటింగ్ అని ఇండోర్ గో-కార్టింగ్‌కి, అంటే హాల్లో చిన్న చిన్న బళ్ళతో రేసులాడే చోటికి తీసుకెళ్ళారు. నిజం చెప్పాలంటే నేను పిజ్జా కోసం వెళ్ళాను. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాక ఆ పది నిమిషాల్లో ఏమైందో తెలీదు గానీ, అప్పటినుంచీ ప్రతి గురువారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక్కణ్ణే వెళ్ళి రెండు రేసులు నడిపి వస్తున్నాను. బయట మంచు పడుతున్నా లోపల టీషర్ట్ పిండితే నీళ్ళు కారేంత తడుస్తుంది. ఇండియాలో ఉన్నప్పుడు గల్లీ క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగను, ఇక్కడికి వచ్చాక అదీ పోయింది, అలాంటిది ఇప్పుడు నిద్రపోదామని కళ్ళు మూసుకుంటే ట్రాక్ మలుపులు కనబడుతున్నాయి.

మా ఆవిడ పెద్దగా ఏమీ అనలేదు. "నడుం పట్టేస్తే మాత్రం నన్ను పిలవకు" అంది, అంతే. చిక్కంతా అమ్మతో వచ్చింది. ఫోన్లో నోరు జారి "గురువారం గురువారం రేసులకి వెళ్తున్నానమ్మా" అన్నాను. అటునుంచి చప్పుడు లేదు. మా తాతయ్య రేసుల పిచ్చిలో రెండెకరాల మాగాణి అమ్మేశాడు, ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్పుకుంటారు. అవి గుర్రాలమ్మా, ఇవి చిన్న బళ్ళు, పందెం కాయడం ఉండదు, మనమే డబ్బు కట్టి మనమే తోలుకుంటాం అని చెప్పేసరికి అరగంట పట్టింది. అన్నీ విని "మరి డబ్బు కట్టి తోలడం దేనికిరా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

సరే, అసలు విషయం. మా దగ్గర ఎలక్ట్రిక్ కార్ట్‌లు. రేసుకి 14 ల్యాపులు, ట్రాక్ ఒక చుట్టు తిరిగితే ఒక ల్యాప్. దిగాక ప్రతి ల్యాప్ టైమూ ఉన్న కాగితం ఇస్తారు. పోయిన గురువారంది ఇది, వరసగా రాస్తున్నా:

36.2, 33.4, 32.9, 31.6, 35.1, 33.0, 32.7, 34.6, 32.8, 33.3, 31.9, 36.0, 33.1, 32.9

ఆరు వారాలుగా నా బెస్ట్ ఈ 31.6 చుట్టూనే తిరుగుతోంది. మా టీంలో ఒక కుర్రాడు 29.9 కొడతాడు. వాడికి సొంత కారు కూడా లేదు, ఆఫీసుకి ట్రైన్లో వస్తాడు. మనిషి 60 కిలోలు ఉంటాడేమో. నాది బరువు సమస్యేనా, లేక నడపడమే రాదా? ఇంకోటి, మర్నాడు కుడిపక్క పక్కటెముకలు విపరీతంగా నొప్పి, దగ్గితే ప్రాణం పోతోంది. ఇది మామూలేనా? అసలు ఈ వయసులో దీన్ని హాబీగా పెట్టుకున్నవాళ్ళు మనవాళ్ళలో ఎవరైనా ఉన్నారా, లేక నేనొక్కణ్ణేనా?

నిద్రమత్తు_నాని

అన్నా, సమస్య కార్ట్‌ది కాదు, గురువారం సాయంత్రం తినే అన్నానిది 😀 నేనూ ఒకసారి వెళ్ళాను, రెండో మలుపులో గోడని ముద్దుపెట్టుకుని వచ్చి బయట నాచోస్ తిన్నాను, నా రేసింగ్ జీవితం అక్కడితో సరి. సీరియస్‌గా తెలిసినవాళ్ళు చెప్తారని కూర్చున్నా.

ఒంటి_ఇరుసు

ఇలాంటి ప్రశ్న ఇక్కడ చూస్తానని అనుకోలేదు. నేను డాలస్, ఆరేళ్ళుగా నడుపుతున్నా, మొదలుపెట్టింది 41కి. కాబట్టి వయసు సంగతి వదిలేయండి. అసలు ఇది పిల్లల ఆటగా పుట్టిందేం కాదు. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అని రేసు కార్లు కట్టే షాపులో పనిచేసే మనిషి, గడ్డి కోసే మిషన్ల కోసం చేసి మిగిలిపోయిన ఇంజిన్ ఒకటి తెచ్చి, నాలుగు ఇనప గొట్టాలకి బిగించి, తను తోలుకోవడానికి చేసుకున్నాడు. మొదటి గో-కార్ట్ అదే. మీరు కూర్చునేది దాని మునిమనవడి మీద.

మీ కాగితం మూడుసార్లు చదివాను. బరువు సంగతి తర్వాత, ముందు ఒకటి చూడండి. 31.6 కొట్టారు, వెంటనే 35.1. మధ్యలో 32.7 కొట్టారు, వెంటనే 34.6. చివర్లో 31.9 వచ్చింది, వెంటనే 36.0. మంచి ల్యాప్ పడ్డ ప్రతిసారీ తర్వాతి ల్యాప్ మట్టిగొట్టుకుపోతోంది. బండి లోపమో, బరువో అయితే ఇలా లెక్కగా రాదు. మీ ట్రాక్‌లో టైములు చూపించే స్క్రీన్ ఎక్కడుంది? నా అనుమానం ఏంటంటే, మీరు దాన్ని చూస్తున్నారు. చూసి, ఉత్సాహం వచ్చి, తర్వాతి మలుపుకి ఆలస్యంగా బ్రేక్ కొడుతున్నారు. నేను రెండేళ్ళు అదే చేశా కాబట్టి చెప్తున్నా.

అందుకే బెస్ట్ ల్యాప్ చూసుకోవడం మానేయండి. బెస్ట్ ఒక్కోసారి అదృష్టం. నేను ఎప్పుడూ నా ఐదో మంచి ల్యాప్ చూస్తాను, అంటే టైములన్నీ తక్కువ నుంచి ఎక్కువకి పేరిస్తే ఐదోది. మీది 32.9. అంటే మీరు నిజంగా 32.9 డ్రైవర్, 31.6 మీకు చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళింది. ముందు ఆ 32.9ని లాగండి.

ఇక నడపడం. మనలో చాలామందికి ఉండే జబ్బు ఒకటుంది, ఇక్కడ పుట్టి ఆటోమేటిక్ నేర్చుకున్నవాళ్ళకి అది ఉండదు. మనం ఇండియాలో నేర్చుకున్నప్పుడు ఎడమకాలికి తెలిసింది క్లచ్ ఒక్కటే. క్లచ్ అంటే పూర్తిగా తొక్కడమే కదా, సగం తొక్కితే డ్రైవింగ్ స్కూల్ మాస్టారు తిట్టేవాడు. కార్ట్‌లో ఆ కాలి కింద ఉండేది బ్రేకు. దాన్ని క్లచ్ తొక్కినట్టు తొక్కుతాం. రెంటల్ కార్ట్‌లకి బ్రేకు మామూలుగా వెనక చక్రాలకే ఉంటుంది, తొక్కగానే వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి గిర్రున తిరిగి గోడవైపు చూస్తుంది. స్టీరింగ్ తిప్పి ఉండగా తొక్కితే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి బ్రేకు పని అంతా బండి తిన్నగా ఉన్నప్పుడే, మలుపు మొదలవక ముందే ముగించండి. బొటనవేలితో నొక్కినట్టు నొక్కండి. రెండు పెడల్సూ ఒకేసారి తొక్కకండి, ఎలక్ట్రిక్ కార్ట్‌లు చాలావాటిలో బ్రేకు తొక్కితే మోటారుకి పవర్ ఆగిపోతుంది, మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా దండగే.

ఇంకో సంగతి, నా పేరు ఇలా పెట్టుకోవడానికి కారణం కూడా అదే. ఎద్దుల బండికి ఇరుసు కదలదు, చక్రాలు దాని మీద వేటికవి తిరుగుతాయి, అందుకే మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరిగినా ఇబ్బంది లేదు. కార్ట్‌లో తిరిగేది ఇరుసే. వెనక చక్రాలు రెండూ దానికే బిగించి ఉంటాయి, రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కార్లో ఉంటుంది, ఇందులో ఉండదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. కానీ రెండూ కలిసే తిరగాలి. అందుకని లోపలి వెనక చక్రం కాస్త నేల విడిచి లేవాలి, లేదా జారాలి. స్టీరింగ్ తిప్పగానే ఆ లోపలి చక్రం తేలికయ్యేలా ముందు చక్రాలని కొంచెం వాలుగా బిగిస్తారు. సస్పెన్షన్ ఉండదు, గొట్టాల చట్రమే కాస్త వంగి ఆ పని చేస్తుంది. మీరు చేయాల్సింది, ఒక్కసారి, కావలసినంత తిప్పి, అలాగే పట్టుకుని ఉండటం. బైక్ మీద వంగినట్టు లోపలికి వంగకండి, మీరు లోపలికి వాలితే లేవాల్సిన చక్రాన్ని మళ్ళీ నేలకి నొక్కినట్టే. స్టీరింగ్ కావలసినదానికంటే ఎక్కువ తిప్పితే ముందు టైర్లు నేల మీద రుద్దుకుంటూ కీచుమంటాయి. జనం ఆ శబ్దం వింటే బాగా తోలుతున్నాం అనుకుంటారు. ఆ కీచు అంతా మీ స్పీడు కరిగిపోతున్న చప్పుడు.

లైన్ గురించి, అంటే మలుపులో బండి పట్టాల్సిన దారి గురించి, అందరూ చెప్పేదే, బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచుని తాకి, మళ్ళీ బయటికి. కాకపోతే ఆ తాకడం కాస్త ఆలస్యంగా తాకండి, ముఖ్యంగా మలుపు తర్వాత పొడుగు దారి ఉన్నచోట. లోపలికి దూరేటప్పుడు ఒక పదోవంతు సెకను పోయినా, బయటికి వచ్చేటప్పుడు తొందరగా ఫుల్‌గా తొక్కగలిగితే ఆ దారి పొడుగునా అది తిరిగి వస్తుంది. చూపు ముందు బండి బంపర్ మీద కాదు, తర్వాతి మలుపు మీద ఉండాలి.

బరువు: అవును, తేడా ఉంటుంది, లేదని ఎవరైనా అంటే నమ్మకండి. అందుకే లీగుల్లో తేలికవాళ్ళ కార్ట్‌కి బరువులు బిగించి సమం చేస్తారు. మీకూ ఆ అబ్బాయికీ 32 కిలోల తేడా ఉంటే కొంత సమయం అక్కడే పోతుంది. కానీ 1.7 సెకన్లూ బరువు మీదకి నెట్టేయకండి. కార్ట్‌లన్నీ ఒకేలా ఉండవు కూడా, కాగితం మీద కార్ట్ నంబర్ ఉంటుంది, రాసిపెట్టుకోండి. అదే కార్ట్‌ని అదే రాత్రి ఇంకొకళ్ళు ఎంతకి తోలారో అడిగితే మీకే తెలుస్తుంది.

తెనాలి_టు_ఎడిసన్

ఇరుసు అన్నా, ఏం చెప్పాలో తెలీడం లేదు. స్క్రీన్ సరిగ్గా రెండో మలుపు ముందు పైన వేలాడుతూ ఉంటుంది. ప్రతి ల్యాపూ తలెత్తి చూస్తాను. పేరు పైకి వెళ్ళిందా లేదా అని. మీరు డాలస్‌లో కూర్చుని నా తల ఎటు తిరుగుతోందో చెప్పేశారు, ఇప్పుడు ఆఫీసులో మీటింగ్‌లో ఉండి ఇది చదివి నవ్వితే మేనేజర్ కెమెరా ఆన్ చేయమన్నాడు. ఎడమకాలి సంగతి కూడా నిజమే, మా డ్రైవింగ్ స్కూల్ మాస్టారు అంబాసిడర్‌లో నేర్పాడు, ఆ క్లచ్ తొక్కితే మోకాలు గోడకి తన్నినట్టుండేది.

పక్కటెముకల గురించి ఎవరూ చెప్పలేదు?

జడ_లోపలికి

నేను చెప్తాను, ఎందుకంటే నాకు రెండు నెలలు నొప్పి ఉంది. నేను హైదరాబాద్, నిజాంపేట. సీటు మీ ఒంటికి సరిపోకపోతే మలుపు మలుపుకీ ఫైబర్ అంచు పక్కటెముకలకి గుద్దుతుంది. సన్నగా ఉన్నవాళ్ళకి సీటు వదులై గుద్దుతుంది, లావుగా ఉన్నవాళ్ళకి బిగుతై నొక్కుతుంది. రెంటల్ సీటు మార్చుకోలేం కాబట్టి వదులైతే పక్కన పెట్టుకునే స్పాంజి సీటు అడగండి, చాలాచోట్ల ఉంటుంది. రిబ్ ప్రొటెక్టర్ అని నడుం పైన కట్టుకునే గట్టి కవచంలాంటిది దొరుకుతుంది, హాబీ అని మీరే అంటున్నారు కదా, హెల్మెట్ కంటే ముందు అది కొనండి. హెల్మెట్ ట్రాక్‌వాళ్ళు ఇస్తారు, పక్కటెముకలు ఇవ్వరు. ఊపిరి తీసినా నొప్పి ఉంటే, వారం దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి, బొప్పి అనుకున్నది చిన్న పగులు కావచ్చు. నాది అదే. నాకు తెలీక ఆ నొప్పితోనే ఇంకో రెండుసార్లు వెళ్ళాను, మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు. ఇంకా చిన్న చిట్కా, స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుని దానికి వేలాడకండి, ఒళ్ళంతా బిగుసుకుంటే దెబ్బ ఎక్కువ తగులుతుంది.

నేను ఇందులోకి ఎలా వచ్చానంటే, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ అని ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది కదా, ఫ్రాన్స్ డ్రైవర్ వెర్న్ గెలిచిన రేసు, అది చూడటానికి వెళ్ళాను. రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే ఆ రోడ్డు మీద బళ్ళు ఈలలాంటి చప్పుడుతో దూసుకుపోతుంటే మతిపోయింది. మరుసటి ఏడాది రేసు రద్దయింది. దాంతో, వాళ్ళు రాకపోతే ఏం, మనమే తోలుదాం అని మొదలుపెట్టా. ఇక్కడ ఎక్కువగా ఆరుబయట ట్రాక్‌లే, పెట్రోల్ కార్ట్‌లు, హోండా జీఎక్స్ రకం ఇంజిన్లు, అంటే నీళ్ళ పంపుకీ జనరేటర్‌కీ వాడే జాతివే. మే నెలలో సీటు మీద అట్టు పోసుకోవచ్చు. అందుకే బెంగళూరో బయటి దేశమో వెళ్ళినప్పుడు ఇండోర్ దొరికితే వదలను. ఇండోర్ నేల నున్నగా ఉంటుంది, టైర్లు వేడెక్కేదాకా మొదటి రెండు ల్యాపులు జారుతుంది, మీ మొదటి 36.2 గురించి అస్సలు బాధపడకండి. ఒక్క జాగ్రత్త, మూసిన హాల్లో పెట్రోల్ కార్ట్‌లు తిప్పే చోటికి వెళ్తే గాలి ఆడుతోందో లేదో చూసుకోండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, తలనొప్పి మొదలైతే దిగి బయటికి వచ్చేయండి.

ఇది ఆడవాళ్ళ కోసం, ఎవరైనా చదువుతుంటే. నా పేరు చూసి నవ్వొద్దు. 2020లో మా హైదరాబాద్ శివార్లలోనే ఒక ట్రాక్‌లో జుట్టు బండి చక్రంలో చిక్కుకుని చదువుకుంటున్న అమ్మాయి చనిపోయింది. ఇరుసు మీ వీపు వెనకే, నేలకి జానెడు ఎత్తులో తిరుగుతూ ఉంటుంది. జడని హెల్మెట్ కింద వదిలేయడం కాదు, తల గుడ్డ లోపల పెట్టి, మిగిలింది చొక్కా లోపలికి తోయండి. చున్నీ, స్కార్ఫ్, హుడీ తాడు, ఏదీ వద్దు. ట్రాక్‌వాళ్ళు చెప్పకపోయినా మీరే చేయండి, చెప్పని ట్రాక్‌కి రెండోసారి వెళ్ళకండి. నేనొక చోట అడిగితే "ఏం కాదు మేడం, స్పీడు తక్కువలో పెడతాం" అన్నాడు. డబ్బు వెనక్కి తీసుకుని వచ్చేశాను.

రూపాయి_లెక్క

అందరూ టెక్నిక్ చెప్తున్నారు, నేను డబ్బు మాట్లాడతా. వారానికి రెండు రేసులు, ఒక్కోటి పాతిక ముప్పై డాలర్లు వేసుకున్నా నెలకి రెండొందలు పైనే. నేను షార్లెట్‌లో ఉన్నప్పుడు ఇలాగే మొదలై, నాలుగో నెలలో సూట్, గ్లవ్స్, బూట్లు, సొంత హెల్మెట్ అన్నీ కొని, ఐదో నెలలో మానేశాను. ఆరంభశూరత్వం అంటే నేనే. ఆ సూట్ మా గరాజ్‌లో ఉంది, మా అబ్బాయి హాలోవీన్‌కి వేసుకున్నాడు. అందుకని ఆర్నెల్ల పాటు ఏమీ కొనకండి, ఆవిడ చెప్పిన పక్కటెముకల కవచం తప్ప. వీక్‌డే రాత్రుళ్ళు, మెంబర్‌షిప్ రేట్లు అడగండి.

ఇరుసు గారు చెప్పనిది ఒకటి. మామూలు సెషన్లలో ఎవరు ముందు వెళ్ళారన్నది లెక్క కాదు, ఎవరి బెస్ట్ ల్యాప్ తక్కువన్నదే లెక్క. కాబట్టి ముందు పిల్లలో, కొత్తవాళ్ళో ఉంటే వాళ్ళ తోక పట్టుకుని తిరగకుండా ఒకసారి స్పీడు తగ్గించి గ్యాప్ తెచ్చుకోండి. ఒక ల్యాప్ పోతుంది, తర్వాత నాలుగు ఖాళీ ల్యాపులు దొరుకుతాయి. వెనకవాడికి దారి ఇవ్వమని నీలం జెండా ఊపితే మాత్రం పౌరుషానికి పోకుండా ఇచ్చేయండి.

ఒంటి_ఇరుసు

గ్యాప్ సంగతి నేను మర్చిపోయా, కరెక్ట్. సూట్ సంగతి మాత్రం నన్ను అడక్కండి, నా దగ్గర రెండున్నాయి.

తెనాలి_టు_ఎడిసన్

మూడు వారాల తర్వాత వస్తున్నా, క్షమించాలి. ఒక వారం వెళ్ళలేదు, డాక్టర్ వద్దన్నాడు. పగులు లేదు, ఎముక కమిలింది అన్నాడు. ఎలా తగిలిందని అడిగితే చెప్పాను, ఆయన పెన్ను కింద పెట్టి "మీ ట్రాక్‌లో హైట్ లిమిట్ ఎంత, మా అమ్మాయికి పదకొండేళ్ళు" అన్నాడు. కవచం కొన్నాను. చూడటానికి మా నాన్న నడుంనొప్పి బెల్ట్‌లా ఉంది గానీ పనిచేస్తోంది.

నిన్న రాత్రి స్క్రీన్ చూడకూడదని ఒట్టు పెట్టుకుని ఎక్కాను. ఎంత కష్టమో చెప్పలేను. మొదటి మూడు ల్యాపులు మెడ దానంతటదే పైకి లేస్తోంది. రెండో మలుపు ముందు గోడ మీద ఎర్ర రంగు పట్టీ ఒకటుంది, ఇన్నాళ్ళూ అది నాకు కనబడనే లేదు, దాన్ని చూడగానే బ్రేకు అని పెట్టుకున్నాను, బొటనవేలితో. నాలుగో ల్యాప్ నుంచి అది మామూలైపోయింది. నెమ్మదిగా వెళ్తున్నాననే అనిపించింది, టైర్ల కీచు లేదు, చెమట కూడా తక్కువ, ఈరోజు ఇక 33లే అనుకుంటూ దిగాను.

కాగితం: బెస్ట్ 31.3. అంటే పెద్ద గొప్పేం కాదు. కానీ ఐదో మంచి ల్యాప్ 31.8, మొదటి ల్యాప్ తీసేస్తే అన్నిటికంటే చెత్తది 32.6. మొత్తం 14 ల్యాపులూ కూడితే మొన్నటి కంటే ఇరవై సెకన్లకి కాస్త తక్కువ మిగిలింది. కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్లో కూడుతుంటే అక్కడి అబ్బాయి ఏమైనా తప్పు పడిందా సార్ అని అడిగాడు.

29.9 కుర్రాడికి చూపించాను. వాడు కాగితం తీసుకుని బెస్ట్ ఒక్కటే చూసి "గుడ్" అని ఇచ్చేశాడు. తర్వాత ఏమనుకున్నాడో మళ్ళీ లాక్కుని కింద దాకా చదివి, తన పాత కాగితం ఫోన్లో తీసి చూసుకున్నాడు. వాడికి 29.9 తర్వాత 33.8 ఉంది.

అమ్మకి కూడా ఫోన్లో చెప్పాను, ఇరవై సెకన్లు తగ్గిందని. "తగ్గితే డబ్బేమైనా వెనక్కిస్తారా" అంది.

వచ్చే గురువారం రాత్రి 9కి వెళ్తున్నా. ఎడిసన్ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే రండి, కవచం ఒకటి ఎక్స్‌ట్రా ఉంది, మొదట తప్పు సైజు తెప్పించాను.

నిద్రమత్తు_నాని

సైజు ఎంత అన్నా? నేను ఇజ్లిన్‌లోనే ఉంటా.